వేరు పక్కన ఎవరున్నారు?

గ్లోమస్ మోసియే. వేర్లలో బతికే శిలీంధ్రాల మీద మన విశ్వవిద్యాలయాల్లో పనిచేసిన వాళ్ళని ఎవర్ని కదిలించినా ముందుగా చెప్పే పేర్లలో ఇదొకటి. సగం మొక్క వేరులో, సగం మట్టిలో బతుకుతూ, మట్టిలోని భాస్వరాన్ని వేరుకి చేరవేసే జీవి ఇది. 1968లో నికల్సన్, గెర్డెమన్ దీన్ని ఎండోగోన్ మోసియే అన్నారు. తర్వాత గ్లోమస్ మోసియే అయింది. 2010 నుంచి ఫనెలిఫార్మిస్ మోసియే. ఇంటిపేరు రెండుసార్లు మారింది. అసలు పేరు మాత్రం మారలేదు.

శాస్త్రీయ నామాలకి లాటిన్ వ్యాకరణం వర్తిస్తుంది. ఒక మనిషి గౌరవార్థం పెట్టిన పేరు చివర 'ఐ' అక్షరం ఉంటే ఆ మనిషి పురుషుడు. 'ఏ', 'ఇ' అక్షరాలు జంటగా ఉంటే స్త్రీ. మోసియే చివర ఉన్నది ఆ జంట. ఆ స్త్రీ బార్బరా మోస్. ఇంగ్లండులో ముందు ఈస్ట్ మాలింగ్ పరిశోధనా కేంద్రంలో, తర్వాత రోథమ్‌స్టెడ్‌లో పనిచేసింది. పేరులోనే ఆమె స్త్రీ అని రాసి ఉంది. అయినా సెమినార్లలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు "మోస్ ఏమంటాడంటే..." అని చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను. రిఫరెన్సుల్లో ఇంటిపేరూ పొడి అక్షరాలే రాసే సంప్రదాయం మనకి నేర్పిన పాఠమది. ఎవరని తెలియకపోతే పురుషుడే అనుకోవాలి.

నేను వృక్షశాస్త్రం చదువుకుని ఏళ్ళ తరబడి డిగ్రీ పిల్లలకి అదే పాఠం చెప్పినదాన్ని. పరిశోధన కోసం నేను వేర్లు ఏరుకున్న ఊళ్ళు అప్పట్లో వరంగల్ జిల్లావి. 2016 అక్టోబరులో జరిగిన విభజనతో అవి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లోకి వెళ్ళాయి. ఆ మూడు నేలల్లో భాస్వరం కథని వేరు పక్కన నిలబడి చెప్పాలని ఈ ప్రయత్నం. మొక్కకి తిండి పెట్టింది ఎవరు, పెట్టినట్టుగా లెక్కల్లోకి ఎక్కింది ఎవరు అన్నదే నా ప్రశ్న.

ముందు భాస్వరం సంగతి. నత్రజని నీళ్ళతో పాటు మట్టిలో కదులుతుంది. భాస్వరం కదలదు. ఎర్ర నేలల్లో ఇనుముకీ అల్యూమినియానికీ, నల్లరేగడిలో సున్నానికీ అతుక్కుపోయి కూర్చుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న ఫాస్ఫేటుని తాగేస్తుంది. ఆ తర్వాత అక్కడ ఖాళీ. పక్కనే ఉన్నది మాత్రం నడిచి రాదు. అందుకే "నేలలో భాస్వరం ఉంది", "మొక్కకి భాస్వరం అందింది" అన్నవి రెండు వేరువేరు వాక్యాలు.

ఈ రెండు వాక్యాల మధ్య పనిచేసేది శిలీంధ్రం. వెంట్రుక కన్నా ఎంతో సన్నని దాని పోగులు వేరు ఖాళీ చేసిన మేర దాటి సెంటీమీటర్ల దూరం వెళతాయి. అక్కడ ఫాస్ఫేటుని శక్తి ఖర్చుపెట్టి లోపలికి తీసుకుంటాయి. దాన్ని విడివిడిగా ఉంచకుండా ఒకదానికొకటి గొలుసుగా అల్లి, పాలీఫాస్ఫేటుగా మార్చి, చిన్న చిన్న సంచుల్లాంటి రిక్తికల్లో దాచి వేరు వైపు తరలిస్తాయి. వేరు లోపలి కణంలో ఆ పోగు చిన్న చెట్టులా కొమ్మలు వేస్తుంది. దాన్ని ఆర్బస్క్యూల్ అంటారు. అక్కడ గొలుసు తెగుతుంది, ఫాస్ఫేటు బయటికి వస్తుంది, మొక్క పొర అందుకుంటుంది. బదులుగా మొక్క చక్కెరలిస్తుంది, కొవ్వులిస్తుంది. ఈ శిలీంధ్రం తన కొవ్వు ఆమ్లాలని తానే మొదలు నుంచీ తయారుచేసుకోలేదనీ, వాటిని మొక్కే ఇవ్వాలనీ 2017లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. అంటే ఇది ఖాళీ సమయంలో చేసిపెట్టే సాయం కాదు. ఇద్దరికీ బతుకుతెరువు.

ఈ సంగతులు తెలియడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. 1885లో జర్మనీలో ఫ్రాంక్ 'మైకోరైజా' అన్న మాట పుట్టించాడు. శిలీంధ్రం, వేరు అనే రెండు గ్రీకు మాటల కలయిక అది. 1905లో ఫ్రాన్స్‌లో గాలో ఆర్బస్క్యూల్‌కి ఆ పేరు పెట్టాడు. కానీ శిలీంధ్రమంటే తెగులు అన్న ఆలోచన గట్టిగా ఉన్న కాలమది. వేరులో కనబడిన పోగు నేరస్తురాలే కావాలి. 1953లో బార్బరా మోస్ స్ట్రాబెర్రీ వేర్లలోని శిలీంధ్రం గురించి రాసింది. 1957లో శిలీంధ్రం ఉన్న ఆపిల్ మొక్కల్నీ లేని వాటినీ పక్కపక్కన పెంచి, ఎదుగుదలలో తేడాని చూపింది. 1971లో డేవిడ్ హేమన్‌తో కలిసి ఫాస్ఫేటు కరువైన నేలల్లో ఈ శిలీంధ్రం మొక్కల్ని ఎలా ఆదుకుంటుందో చూపింది. 1973లో దానికి రెండో వైపు కూడా రాసింది. నేలలో ఫాస్ఫేటు ఎక్కువగా పోస్తే వేర్లలో శిలీంధ్రం తగ్గిపోతుంది.

వేరులో శిలీంధ్రం ఎంత ఉందో లెక్కించడానికి వరంగల్‌లోనైనా వాషింగ్టన్‌లోనైనా ఇప్పటికీ వాడే గీతల పద్ధతిని 1980లో మదింపు చేసి స్థిరపరచిందీ ఇద్దరు స్త్రీలే. మాన్యులా జోవనెట్టీ, బార్బరా మోస్. 1978లో ఫ్రాన్స్‌లో వివియన్ జానినాజీ పియర్సన్ తన సహచరుడితో కలిసి, ఉల్లి వేర్లలో శిలీంధ్రం ఉన్నప్పుడు మాత్రమే కనబడే ఒక ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌ని గుర్తించింది. 1995లో మరియా హారిసన్, వాన్ బ్యూరెన్ శిలీంధ్రంలోకి ఫాస్ఫేటుని తీసుకునే ప్రోటీన్ జన్యువుని పట్టుకున్నారు. 2002లో హారిసన్ బృందం మొక్క వైపున అందుకునే ప్రోటీన్‌ని చూపింది. 2007లో అదే బృందం ఇంకో అడుగు ముందుకేసింది. ఆ ప్రోటీన్ పనిచేయకపోతే, అంటే శిలీంధ్రం ఇచ్చిన ఫాస్ఫేటు మొక్కకి అందకపోతే, ఆర్బస్క్యూల్ అర్ధాయుష్షుతో చచ్చిపోతుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఆగిన చోట సంబంధం కూడా ఆగుతుంది.

ఈ స్త్రీల జాబితా చెప్పి, "వేర్లని స్త్రీలే అర్థం చేసుకోగలరు" అనడం నా ఉద్దేశం కాదు. పురుషులూ ఉన్నారు. మన దగ్గర ఉస్మానియాలో సి. మనోహరాచారి, కాకతీయలో ఎస్.ఎం. రెడ్డి శిలీంధ్రశాస్త్రంలో తరాలకి పాఠం చెప్పారు. నేననేది ఒక్కటే. ఓపికగా వేరు కడిగి, రంగు అద్ది, మైక్రోస్కోపు కింద గంటల తరబడి లెక్కపెట్టే ఈ పనిలో ఇంతమంది స్త్రీలున్నా, రంగం పేరు చెప్పగానే వాళ్ళ ముఖాలు మన కళ్ళముందు కదలవు.

ఇప్పుడు జనగామ చెలకల్లోకి పోదాం. అక్కడి మట్టి ఎరుపు ఇనుముది. భాస్వరాన్ని పట్టి ఉంచేదీ ఆ ఇనుమే. పాలకుర్తి ఇక్కడే, కడవెండి ఇక్కడే. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తూటాకి నేలకొరిగింది కడవెండిలో. చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించిన పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం కాపాడింది పాలకుర్తిలో. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఐలమ్మ గొంతు మనకి వినబడింది. ఆ పుస్తకం నా తరం వాళ్ళకి చరిత్ర ఎలా అడగాలో నేర్పింది. దాని వెలుగులోనే ఇంకో ప్రశ్న వేసుకుంటున్నాను. ఐలమ్మ గింజ ఎవరిదన్న ప్రశ్న చరిత్రకెక్కింది. మరి ఆ గింజ పండడానికి చెలకలో పెంట పోసిందెవరు, విత్తనం ఏరి దాచిందెవరు, ఏ సాలు పక్కన ఏ సాలు పెట్టాలో ఎవరికి తెలుసు అన్న ప్రశ్నలు ఏ దఫ్తరులోకీ ఎక్కలేదు.

జొన్న సాళ్ళ మధ్య కంది సాలు పెట్టడం తెలంగాణ చెలకల్లో పాత పద్ధతి. పంట మీద పంటగా ఒక ముసలమ్మ చెబితే నేను రాసుకున్న మాట ఇది: "కంది పోయిన చెలకల మల్ల ఏసిన పంట తేటగుంటది బిడ్డా." దీనికి శాస్త్రం రాసిన వ్యాఖ్యానం 1990లో వచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో నోరిహారు ఏ, అతని సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఇనుముకి అతుక్కున్న ఫాస్ఫేటుని మిగతా పంటల కన్నా కంది బాగా వాడుకోగలదనీ, దాని వేర్లు వదిలే పిసిడిక్ ఆమ్లం ఇనుముని పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుందనీ, కంది కలిపి వేస్తే మొత్తం పంటల వ్యవస్థకే భాస్వరం పెరుగుతుందనీ ఆ వ్యాసం చెప్పింది. గొప్ప పని అది. నాకు దానిమీద గౌరవమే. అయితే ముసలమ్మ మాటకి పిసిడిక్ ఆమ్లం తెలియదు, నిజమే. ప్రయోగశాలకి కూడా కంది సాలు ఎక్కడ పెట్టాలో కనిపెట్టే పని పడలేదు. అది అప్పటికే చెలకలో ఉంది. ఒక జ్ఞానానికి తేదీ, పేరు, పత్రిక ఉన్నాయి. రెండోదానికి ఏదీ లేదు. మనం చరిత్ర రాసేటప్పుడు మొదటిదాన్ని 'ఆవిష్కరణ' అనీ, రెండోదాన్ని 'అలవాటు' అనీ అంటాం.

మహబూబాబాద్ వైపు నేల కథ ఎరువుల బస్తాతో మలుపు తిరుగుతుంది. మిరప, పత్తి, మొక్కజొన్న పండే ప్రాంతం. తండాలు ఎక్కువ. ఈ మూడు పంటల వేర్లూ మైకోరైజాతో బతికేవే. డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది. నూటికి 46 పాళ్ళు భాస్వరం, ఆక్సైడు లెక్కన. ఈ భాస్వరానికి ముడిరాయి మన దేశంలో చాలా తక్కువ. ప్రపంచంలోని నిల్వల్లో అధికభాగం మొరాకో చేతిలో ఉంది. రాయో, ఆమ్లమో, తయారైన ఎరువో ఓడల్లో రావాలి. అంటే తండాలో మిరప నారు నాటే చేతికీ ఆఫ్రికా తీరంలోని గనికీ మధ్య ఒక దారి ఉంది. ఆ దారిలో ధర పెరిగితే దెబ్బ తండాకి తగులుతుంది. 1992 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తేసింది. డీఏపీ ధర ఒక్కసారిగా పెరిగింది. యూరియా మాత్రం నియంత్రణలోనే ఉండిపోయింది.

1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చర్చకొచ్చాయి. తెగుళ్ళు, పనిచేయని మందులు, వాన, వడ్డీ, అన్నీ కలిసి చేసిన విధ్వంసం అది. దాన్ని భాస్వరం మీదకి నెట్టలేం. కానీ ఎరువు, పురుగుమందు, విత్తనం ఒకే దుకాణంలో ఒకే ఖాతా మీద అప్పుగా వచ్చేవి. ఆ ఖాతా భర్త పేరున ఉండేది. అతను పోయాక అప్పు మాత్రం భార్య పేరుకి మారేది. భూమి మారేది కాదు. భూమి ఆమె పేరున లేకపోతే బ్యాంకు ఆమెని రైతుగా చూడదు, సొసైటీ చూడదు. పొలంలో మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీసినన్నాళ్ళూ ఆమె కూలీనో రైతు భార్యో. అప్పు కట్టాల్సొచ్చినప్పుడు మాత్రం సంపూర్ణ వారసురాలు.

బస్తా వచ్చాక వేరులో ఏమవుతుంది? వేసిన భాస్వరంలో మొదటి పంటకి అందేది కొంతే. మిగతాది మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. ఏటేటా పోస్తుంటే పేరుకుంటుంది. ఫాస్ఫేటు దండిగా దొరికిన మొక్క శిలీంధ్రాన్ని పిలవడం మానేస్తుంది. ఆకలిగా ఉన్న వేరు స్ట్రైగోలాక్టోన్ అనే పదార్థాన్ని మట్టిలోకి వదులుతుందనీ, దాని జాడ తెలియగానే శిలీంధ్రం కొమ్మలు వేసుకుంటూ వస్తుందనీ 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చెప్పారు. కడుపు నిండిన వేరు ఆ పిలుపు తగ్గిస్తుంది. 2021లో వరి మీద జరిగిన పరిశోధన, మొక్క తన ఫాస్ఫేటు ఆకలిని కొలుచుకునే యంత్రాంగమే శిలీంధ్రానికి తలుపు తీయాలా వద్దా అన్నది కూడా నిర్ణయిస్తుందని తేల్చింది. దీన్ని కృతఘ్నత అనడం తేలిక. నిజానికి ఇది లెక్క. శిలీంధ్రానికిచ్చే చక్కెర, కొవ్వు ఊరికే రావు. ఇబ్బంది ఎక్కడంటే, బస్తా ఆగిపోయిన రోజున. ధర పెరిగో, సరుకు రాకో డీఏపీ దొరకని ఏడాది, పోగులు పలచబడిన నేలలో మొక్క పిలుపుకి పలికే వాళ్ళు తగ్గిపోయి ఉంటారు.

ఇక్కడ నాకు రెండు ప్రలోభాలు ఎదురవుతాయి. ఒకటి 'సహజీవనం' అన్న మాట. మన పాఠ్యపుస్తకాలు ఈ సంబంధాన్ని అలాగే పిలుస్తాయి. పెళ్ళి లేకుండా కలిసి బతకడం గురించి మన పత్రికల్లో జరిగిన చర్చల్లోనూ అదే మాట. ఆ మాటలోని తీపి చూసి, వేరు లోపల అంతా ప్రేమే అనుకుంటాం. రెండోది 'తల్లి'. సుజాన్ సిమార్డ్ 1997లో అడవిలో చెట్ల మధ్య శిలీంధ్రాల ద్వారా కర్బనం మారుతుందని చూపిన పరిశోధన చాలా ముఖ్యమైనది. అక్కడి నుంచి జనంలో 'తల్లి చెట్టు' కథ పెరిగింది. 2023లో జస్టిన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా ఆ కథ సాక్ష్యాన్ని మించిపోయిందని రాశారు. ఇందులో మెలనీ జోన్స్ 1997 వ్యాసం రచయితల్లో ఒకరు. తన పని చుట్టూ అల్లుకున్న కథని తనే ప్రశ్నించడం నాకు నచ్చింది. తల్లి అనగానే ప్రతిఫలం అడగని సేవ అన్న అర్థం వెనకే వచ్చి కూర్చుంటుంది. శిలీంధ్రం తల్లి కాదు. అది ప్రతిఫలం అడుగుతుంది. అందనిచోట ఉండదు. మన శ్రమకి పోలిక వెతుక్కోవాలంటే నాకు త్యాగం కన్నా ఈ లెక్కే నయమనిపిస్తుంది.

భూపాలపల్లిలో ఈ చరిత్ర ఇంకా లోతుకి దిగుతుంది. సింగరేణి గనుల బొగ్గు పెర్మియన్ యుగానిది, అంటే పాతిక కోట్ల ఏళ్ళు దాటినది. గ్లోసోప్టెరిస్ అనే చెట్ల కాలం. ఇప్పుడవి ఎక్కడా లేవు. అంటార్కిటికాలో దొరికిన గ్లోసోప్టెరిస్ వేర్ల శిలాజాల్లో ఈ జాతి శిలీంధ్రం ఉన్నట్టు కార్లా హార్పర్ బృందం 2013లో వెల్లడించింది. అంటార్కిటికా, మన గోదావరి లోయ అప్పట్లో ఒకే గోండ్వానా భూఖండం. భూపాలపల్లి బొగ్గు వేర్లలో ఎవరూ వెతికారని నేను చెప్పడం లేదు. కానీ చేల్పూరు థర్మల్ కేంద్రంలో కాలే బొగ్గు అలాంటి చెట్ల వంశానిదే. గని తవ్వి పైకి పోసిన మట్టిగుట్టల్లో మాత్రం ఆ పోగులు ఉండవు, ఉన్నా చాలా తక్కువ. అక్కడ నాటిన మొక్క బతకడం కష్టం కావడానికి నీళ్ళొక్కటే కారణం కాదు. పాత అడవి చెట్టు కింది పిడికెడు మట్టి తెచ్చి వేస్తే మేలన్నది ఆ ప్రాంతపు ఆడవాళ్ళకి తెలుసు. ఇప్పపువ్వు, తునికాకు ఏరడానికి వెళ్ళేవాళ్ళు వాళ్ళే కదా. మరోవైపు గనుల చట్టం 1952లోని 46వ సెక్షన్ స్త్రీలని భూగర్భంలో పనిచేయనివ్వలేదు. 2019లో ఆ నిషేధం షరతులతో సడలింది. అడవి మట్టి పైన అన్నేళ్ళూ స్త్రీల చేతులే. దాని కింది జీతం మాత్రం వాళ్ళది కాదు.

ఇప్పుడు ఎరువుల దుకాణాల్లో మైకోరైజా పొట్లాల్లోనూ డబ్బాల్లోనూ దొరుకుతోంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద దానికి ప్రమాణాలు కూడా వచ్చాయి. పోగులు పోయిన నేలకి అది పనికి రావచ్చు. వద్దనను. కానీ కంది సాలు, పెంట, తక్కువ దుక్కి నిలబెట్టి ఉంచిన జీవి, బస్తాల వల్ల పలచబడి, మళ్ళీ బస్తా పక్కనే డబ్బులకి అమ్ముడవడం చూసి ఊరుకోలేను. ఆ నడుమ పోయింది శిలీంధ్రం ఒక్కటే కాదు. దాన్ని ఊరికే బతికించగలిగిన జ్ఞానం కూడా పోయింది. దానికి వెల కట్టలేదు గనక నష్టం కూడా లెక్కలో లేదు.

2015లో కేంద్ర ప్రభుత్వం భూసార కార్డుల పథకం తెచ్చింది. కార్డులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము వగైరా, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. పైన రైతు పేరు, సర్వే నంబరు. భాస్వరం గడిలో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె మట్టిలో ఏముందో చెబుతుంది. దాన్ని వేరుకి చేర్చేవాళ్ళున్నారో లేదో చెప్పదు. రైతు పేరు గడిలో ఒక పేరుంటుంది. అది పట్టా ఎవరిదో చెబుతుంది. ఆ పొలంలో రోజూ వంగి పనిచేసేది ఎవరో చెప్పదు. ఈ రెండు గడుల మధ్య మనం చేర్చవలసిన గడులు చాలా ఉన్నాయి. వేరు పక్కన ఎవరున్నారో రాయడం మొదలుపెడితే, పొలం పక్కన ఎవరున్నారో రాయడం కూడా అలవాటవుతుంది. పేరు చివర రెండక్షరాలు ఉన్నా చదవని లోకమిది. అందుకే పూర్తి పేరు రాయాలి.